చిన్నది కనబడటం లేదు

గార్డు ఫోన్ చేసి "చిన్నది కనబడటం లేదండీ" అనగానే, ఆ ఇంట్లో వంటమనిషితో సహా అందరూ చిన్నమ్మాయి గదికి పరిగెత్తారు. చిన్నమ్మాయి మంచం మీదే ఉంది, ముసుగు తన్ని గుర్రు పెడుతూ. పోయింది మోటార్ సైకిల్ అని తెలియడానికి ఇంకో ఫోన్ పట్టింది.

తప్పు గార్డుది కాదు. పోయినేడు కన్నుమూసిన పెద్దాయనది. ఆ కంపెనీ పెట్టిన మనిషి ఆయన. తన చేతులతో చేసిన మొట్టమొదటి మోటార్ సైకిల్‌ని 'చిన్నది' అనీ, కొన్నేళ్ళకి చేసిన మొదటి కారుని 'పెద్దది' అనీ పిలుచుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరాడపిల్లలు పుట్టారు. వాళ్ళకి వేరే పిలుపులు వెతికే ఓపిక ఆయనకి లేకపోయింది. షెడ్డులోంచి "చిన్నదానికి నూనె పెట్టారా?" అని ఆయన కేకేస్తే, ఇంట్లో ఆవిడ చిన్నకూతురి తలకి గిన్నెడు నూనె పట్టించి జడ బిగించేది. బండి ఎండిపోయేది, పిల్ల నిగనిగలాడేది.

ఈ కథంతా డిటెక్టివ్‌కి కంపెనీ కొత్త మ్యూజియం మెట్ల మీద నిలబెట్టి చెప్పింది ఆ చిన్నకూతురే. ఇప్పుడు ముప్ఫై దాటిన మనిషి. కంపెనీలో మోటార్ సైకిళ్ళ విభాగం చూసుకుంటుంది. కార్లూ, పెద్ద కుర్చీ, ఆఖరి మాటా అన్నీ అక్కవి.

"సాయంత్రం నాలుగింటికి మ్యూజియం ప్రారంభం. అతిథులు అదిగో, కింద ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడతారు. నేను చిన్నదాన్ని ఈ వాలు మీదుగా నడుపుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. నాన్న మొదటిసారి నడిపిన దారి అది," అంది చెల్లెలు. "ఈలోపు అక్క నన్ను దొంగని చేసింది."

"దొంగ మీరు కాదా?"

"ఇందాక వచ్చిన బీమా ఆవిడ కూడా ఇదే అడిగింది. ఆవిడ నవ్వుతూ అడిగింది."

బీమా ఆవిడ అన్న మాటకి డిటెక్టివ్ చెవులు రిక్కించింది. లోకంలో బీమా కంపెనీలు చాలా ఉన్నాయి, ఆడవాళ్ళూ చాలామంది ఉన్నారు. దొంగా అని నవ్వుతూ అడిగే బీమా ఆవిడ మాత్రం ఒక్కతే.

"నేను నవ్వను," అంది. "నిన్న మీ అక్కతో గొడవేంటి?"

"ఇవాళ నడపడం అయిపోగానే దాన్ని గాజుపెట్టెలో పెట్టి సీలు వేయిస్తానంది. ఇంక ఎవరూ ముట్టుకోకూడదట. పెట్టెలో పెట్టేలోపు నేనే ఎత్తుకుపోతానన్నాను. అందరి ముందూ అన్నాను. నోరు ఊరుకోదు కదా." ఆమె చేతులు కట్టుకుంది. "నాన్న పోయేముందు ఇద్దరం మంచం పక్కనే ఉన్నాం. 'పెద్దదానా, చిన్నదాన్ని పడిపోనీకు' అన్నాడు. ఇంకేం అనలేదు. నా గురించి అన్నాడనుకున్నా నేను. అక్క మర్నాడే బండికి కొత్త స్టాండు చేయించింది."

డిటెక్టివ్‌కి నవ్వు రాబోయి, ఆ మొహం చూసి ఆగిపోయింది.

లోపల పెద్ద హాలు. గోడల వెంబడి కార్లు, వాటి ముందు మోటార్ సైకిళ్ళు, వయసు వరుసలో, గ్రూపు ఫొటోకి నిలబడినట్టు. మధ్యలో గుండ్రటి వేదిక. దాని మీద బండి లేదు. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని కెమెరాలోకి చూస్తున్నవాడు మాత్రం డిటెక్టివ్ మొగుడు.

పెళ్ళై ఇంకా నెల తిరగలేదు. పొద్దున్నే అర్జంటు పనని వెళ్ళాడు. వెళ్ళేముందు ఆమె లంచి డబ్బా తనే సర్ది, మూత లోపలి ఆవిరి మీద వేలితో నవ్వుమొహం గీసి మూసేశాడు. రోజూ గీస్తాడు. తెరిచేసరికి అది కాస్తా నీళ్ళయిపోతుంది. అయినా ఆమె రోజూ ఆ మూత వంక చూసి నవ్వుకుంటుంది. ఆ అర్జంటు పని ఇదని, ఆ పని ఎవరితోనో ఇప్పుడు తెలిసింది.

"ఏరా, ఆ మూల నుంచి ఇంకోటి తియ్యరా," అంది ఆ 'ఎవరో'.

బీమా కంపెనీ పరిశోధకురాలు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎక్కడ గుచ్చితే నొప్పెడుతుందో తెలుసు. ఆఫీసులో అందరూ సూది అంటారు, ఆవిడ ముందు కూడా. డిటెక్టివ్ భర్త ఆ ఆఫీసులో అయిదేళ్ళుగా ఫొటోలు తీస్తున్నాడు. డిటెక్టివ్‌కి 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగడానికే వారం పట్టింది. 'రా' అనే మెట్టు ఆమె కంటికి కూడా ఆనడం లేదు. సూది ఆ మెట్టు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

అతను కెమెరాలోంచి తలెత్తలేదు. సూది రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. హాలు మార్మోగింది. అతని తల టక్కున తిరిగింది.

ఆ ఈలే. ఆ ఈల గురించి పెళ్ళయిన రెండో రోజే విన్నది డిటెక్టివ్. "ఎంత గోలలో ఉన్నా ఆ ఈలకి నా తల దానంతటదే తిరుగుతుంది," అని అతను ముచ్చటగా చెప్పాడు. పాపం, ముచ్చటని అతననుకున్నాడు. వారం రోజులుగా ఆమె స్నానాలగదిలో కుళాయి తిప్పి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊదుతోంది. నురగ వస్తోంది, గాలి వస్తోంది, ఈల మాత్రం రావడం లేదు.

"అరె, కొత్త పెళ్ళికూతురా," అంది సూది. "నీ మొగుణ్ణి అద్దెకి తీసుకున్నా. సాయంత్రం తిరిగిచ్చేస్తాలే."

"గీతలు పడకుండా ఇవ్వండి."

"ఉన్న గీతలు పాతవే. నా దగ్గర ఫొటోలున్నాయి."

"నేనేమన్నా అద్దె సైకిల్నా?" అన్నాడు అతను.

"నువ్వూరుకో," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అలా ఒకేసారి అన్నందుకు డిటెక్టివ్‌కి ఇంకా మండింది.

సూది చేతులు దులుపుకుంది. "ఎందుకు వచ్చావో తెలీదుగానీ, కేసైపోయింది. పొద్దున కుర్చీలు దింపడానికి వ్యాను వచ్చింది, దింపి వెళ్ళింది. బండి అందులో పోయింది. వెనక తలుపు దగ్గర నీ క్లయింటు చేతితొడుగు దొరికింది. మావాళ్ళు వ్యాను వెంట పడ్డారు. ఇంటిమనిషే దొంగైతే మా కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదు. నాలుగింటికి అందరూ చూస్తుండగా ఆవిణ్ణి పోలీసు జీపు ఎక్కిస్తా."

"తొడుగు నిన్న ప్రాక్టీసు చేస్తున్నప్పుడు పడిపోయిందట."

"అనక ఏమంటుంది?"

డిటెక్టివ్ వేదిక దగ్గరికి వెళ్ళింది. వేదిక మీద ఓ స్టీలు పళ్ళెం, అందులో నల్లగా నూనె. పాత బండి కదా, చంటిపిల్లలాగా ఎక్కడ పెడితే అక్కడ తడుపుతుంది, అందుకని ఆ పళ్ళెం. నేల నల్లరాయి. నిలబడి చూస్తే ఏమీ కనబడదు. ఆమె భర్త వైపు తిరిగింది.

"ఆ ఫ్లాష్ లైటు కింద పెట్టి, నేలకి ఆనించి వెలిగించు."

అతను ఎందుకని అడగలేదు. బోర్లా పడుకుని, లైటుని రాతికి ఆనించి వెలిగించాడు. నల్లరాతి మీద నల్లటి నూనెచుక్కలు ఒక్కొక్కటే మెరిశాయి, వేదిక దగ్గర్నుంచి వెనక తలుపు దాకా. అతను తలెత్తి ఆమెకేసి చూసి కనుబొమలు ఎగరేశాడు. ఆ ఎగరేతకి ఆమె ఒక్క క్షణం కేసు మర్చిపోయింది.

"వేదిక దగ్గర చుక్కలు చూడండి, జానెడుకొకటి," అంది సూదితో. "తలుపు దగ్గరికి వెళ్ళేసరికి? బారెడుకొకటి. చుక్క కారే తీరు మారదు. మారింది బండి వేగం. దాన్ని ఎవరూ మోయలేదు, వ్యాను ఎక్కించలేదు. ఎక్కి నడుపుకుంటూ పోయారు."

"తోస్తూ పరిగెత్తి ఉండొచ్చు."

"అంత బరువుని, బారెడు బారెడు అంగలతోనా? మీరు ఒకసారి తోసి చూపించండి. ఈయన ఫొటో తీస్తారు."

"నడిపితే మరీ మంచిది. దాన్ని నడపడం వచ్చింది ఈ ఇంట్లో ఒక్క నీ క్లయింటుకే. నా పని నువ్వే చేసిపెడుతున్నావు, థాంక్స్," అంది సూది.

గుచ్చాల్సిన చోటే గుచ్చింది. డిటెక్టివ్ మొహం తిప్పుకుని మళ్ళీ కిందకి వంగింది. వేదిక అంచు కింద ఏదో తళుక్కుమంది. చిన్న ఇనప పిన్ను. సన్నటి కడ్డీని మధ్యకి వంచినట్టు రెండు కాళ్ళు, ఒక కన్ను.

సూది చూసి నవ్వింది. "నీ జడపిన్నే. పెట్టుకో, జుట్టు ఊడిపోతోంది."

డిటెక్టివ్ దాన్ని చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకుంది. ఆమె ఆ రోజు జడపిన్ను పెట్టుకోలేదు.

*

గార్డు పొద్దుటి నుంచీ అందరికీ అదే జవాబు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు.

"బండి స్టార్టు చేస్తే నాకు వినపడదా అమ్మా? నేను ముందు గుమ్మంలోనే ఉన్నా. బండి చప్పుడేం రాలేదు."

"అసలు ఏ చప్పుడూ రాలేదా?"

"శబ్దాల గదిలోంచి తప్ప."

శబ్దాల గది హాలు పక్కనే ఉంది. గోడ నిండా బటన్లు, ఒక్కో బటన్‌కి ఒక్కో బండి బొమ్మ. నొక్కితే ఆ ఇంజను చప్పుడు వినిపిస్తుంది. పిల్లలకి సరదాగా ఉంటుందని అక్క పట్టుబట్టి పెట్టించింది. వారం నుంచీ పనివాళ్ళు పరీక్షకని, పరీక్ష అయ్యాక సరదాకని, నొక్కుతూనే ఉన్నారు.

"ఏ బండి చప్పుడు వినిపించింది?"

"చిన్నదే. అందరూ మొదట దాన్నే నొక్కుతారు."

"ఎలా వినిపించిందో చెప్పు. నువ్వు చేసి చూపించు."

గార్డు అటూ ఇటూ చూశాడు, టోపీ సర్దుకున్నాడు. "ఖళ్ ఖళ్..." అని దగ్గాడు. కాసేపు ఆగాడు. మళ్ళీ "ఖళ్ ఖళ్" అన్నాడు. ఆ తర్వాత బుగ్గలు పూరించి "డుగుడుగుడుగుడుగు" అంటూ భుజాలు ఊపాడు. డిటెక్టివ్ భర్త కెమెరా ఎత్తాడు. "ఇది తియ్యకండి సార్, ఇంట్లో చూస్తే పరువు పోతుంది," అన్నాడు గార్డు.

డిటెక్టివ్ గదిలోకి వెళ్ళి మొదటి బటన్ నొక్కింది. "డుగుడుగుడుగుడుగు" అని నున్నగా మొదలైంది చప్పుడు. దగ్గు లేదు. ఇంకోసారి నొక్కింది. ఈసారీ లేదు.

గార్డు నోరు తెరిచాడు. "మరి పొద్దున దగ్గిందే."

"బొమ్మ దగ్గదు. బండి దగ్గుతుంది," అంది డిటెక్టివ్. "నువ్వు విన్నది బండినే. పట్టపగలు, నీ వీపు వెనకే, ఎవరో మూడు తన్నులు తన్ని స్టార్టు చేసుకుని పోయారు. ఈ గదికి తాళం వేసి తాళంచెవి నాకివ్వు. ఇంక ఎవరూ నొక్కడానికి వీల్లేదు."

చెల్లెలు మెట్ల మీదే కూర్చుని ఉంది. కింద ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలు వేస్తున్నారు. అతిథులు ఒకరూ ఇద్దరూ వస్తున్నారు.

"చిన్నదాన్ని స్టార్టు చేయడానికి మీరు ఎన్నిసార్లు తంతారు?" అడిగింది డిటెక్టివ్.

"ఒక్కసారే. నాన్న అలా నేర్పాడు. ముందు కిక్ రాడ్డుని సగం దాకా తొక్కి, బండి ఊపిరి పట్టిన చోట ఆపి, అప్పుడు తన్నాలి." చెప్తుంటే ఆమె కుడికాలు దానంతటదే కదిలింది. "తెలియనివాళ్ళు తంతే అది తిరిగి తంతుంది. పిక్క మీద ఇంత వాపు వస్తుంది. మొదట్లో నేనూ తిన్నా."

"మీ అక్క?"

"అక్కకి నేర్పలేదు. పెద్దదానికి పెద్దది, చిన్నదానికి చిన్నది అనేవాడు నాన్న. అక్క అడగను కూడా లేదు."

"అడగలేదా, అడగడం మీరు వినలేదా?"

చెల్లెలు కింద వేస్తున్న కుర్చీల వైపు చూపు తిప్పుకుంది.

"వెనక తలుపు దాటితే ఏముంది?"

"చిన్న వాలు. దాని చివర ఖాళీ పెట్టెల షెడ్డు. ఇక్కడి వస్తువులు వచ్చిన చెక్కపెట్టెలూ, అట్టలూ అన్నీ అందులో పడేశారు."

"అది ఎవరైనా వెతికారా?"

"వాళ్ళకి వ్యాను దొరికిందిగా. ఇంక షెడ్డు ఎందుకు?" అంది చెల్లెలు. అని, మెల్లగా తల తిప్పి భవనం వెనక వైపు చూసింది. డిటెక్టివ్ ఆ చూపు గమనించింది. గమనించి, ముందు చూడాల్సింది ఇంకోటి ఉందని పక్కన పెట్టింది.

అక్క గది గుమ్మం ముందు ఆమె కాసేపు ఆగింది. భర్త మంచినీళ్ళ సీసా పట్టుకుని వెనకే వచ్చాడు.

"సూది అంటోంది, నువ్వు లేని చిక్కు వేసి, విప్పుతున్నావని."

"సూది అన్నవన్నీ మోసుకొచ్చి చెప్పడానికి నీకేమన్నా వేరే జీతమా?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. "పిట్టా, కుళ్ళుకుంటున్నావా?"

"లేదు."

"మరి రోజూ స్నానాలగదిలో ఆ పంక్చరైన ట్యూబు చప్పుడేంటి?"

అందుకోబోయిన సీసా అతని చేతిలోనే ఉండిపోయింది. ఆమె చెవులు కాలాయి. అతనికి తెలుసన్నమాట. వారం రోజులుగా తెలిసి, కుళాయి చప్పుడు అవతల నిలబడి నవ్వుకున్నాడన్నమాట. కోపం రావాలి. వచ్చేదే. కానీ దానికంటే ముందు ఇంకో సంగతి వచ్చి తలలో కూర్చుంది. మనకి రాని విద్య ఇంకొకరి చేతుల్లో అలవోకగా ఆడుతుంటే ఏం చేస్తాం? నేర్పమని అడగం. అడిగితే చిన్నబోతాం. తలుపేసుకుని, ఎవరూ చూడకుండా, తప్పులతడకగా నేర్చుకుంటాం. మూడు తన్నులతడకగా.

"నువ్వు కిందకెళ్ళు. గేటు దగ్గర అతిథుల ఫొటోలు తియ్యి," అంది.

"ఇప్పుడు నేనేమన్నాను?"

"మంచి మాటే అన్నావు. వెళ్ళు."

*

అక్క గది ముందు గుమ్మం పక్కనే. కిటికీలోంచి వాలు మొత్తం, కింద గేటు దాకా కనబడుతుంది. అక్క బల్ల వెనక కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చెదరని మనిషి. డిటెక్టివ్‌ని చూసి లేవలేదు.

"మా చెల్లెలు పిలిస్తే వచ్చారట. ఆవిడ మిమ్మల్ని కూడా బుట్టలో వేసే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే."

"అంటే?"

"అది ఏడిస్తే ఇల్లంతా ఏడవాలి. అది నవ్వితే ఇల్లంతా నవ్వాలి. నేను ఫస్టు వస్తే 'ఊఁ' అనేవాడు నాన్న. అది ఆ బండి మీద పది గజాలు పడకుండా వెళ్తే కారఖానాకి సెలవు ఇచ్చాడు." అక్క గొంతు పెరగలేదు. "ఇంతకీ మీకేం కావాలి?"

"ఆ కిటికీ పరదా కొంచెం వేస్తారా? ఎండ కళ్ళలో పడుతోంది."

పరదా తాడు బల్లకి అవతల గోడ దగ్గర ఉంది. అక్క దాని వంక చూసింది. "మీరే వేసుకోండి."

"నడవలేకా?"

"కొత్త చెప్పులు. కరిచాయి."

"చెప్పులు మడమ కరుస్తాయి," అంది డిటెక్టివ్. "పిక్క కరవ్వు."

అక్క కుడికాలు కుర్చీ కిందకి లాక్కుంది. అప్పుడే సూది తలుపు తోసుకుని వచ్చింది. "మేడమ్, పోలీసులు దారిలో ఉన్నారు. వ్యాను దొరికింది. అందులో బండి లేదు, దింపేసి ఉంటారు. మీ చెల్లెలితో..."

"మేడమ్ పొద్దున బండిని ఎక్కడ దింపారో మేడమ్‌నే అడగండి," అంది డిటెక్టివ్.

సూది నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. డిటెక్టివ్ అక్క వైపు తిరిగింది.

"వచ్చినవాళ్ళకి బండి కొత్త, కానీ ఎలా తన్నాలో కొంచెం తెలుసు. అది రెండుసార్లు తిరగబడింది. మూడోసారి అందుకుంది. చప్పుడు విన్నా గార్డు కదలడని కూడా తెలుసు. ఆ శబ్దాల గది పెట్టించింది మీరే. మీ కుడి పిక్క చూపిస్తే నేను క్షమాపణ చెప్పి వెళ్ళిపోతాను. లేదా మీరే చెప్పండి. పోలీసులొస్తే మీ చెల్లెల్ని అతిథుల ముందు జీపెక్కిస్తారు. అది మీరు చూస్తూ కూర్చోగలరా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. కళ్ళు కింద గేటు మీద ఉన్నాయి. ఆ తర్వాత మొదలుపెట్టినప్పుడు, ఎదురుగా ఎవరూ లేనట్టే చెప్పింది.

"నాన్న దానికి నేర్పుతుంటే నేను కిటికీలోంచి చూసేదాన్ని. 'ఇక్కడ ఆపు, ఇప్పుడు తన్ను' అనేవాడు. నేను లోపల స్టూలుని అలాగే తన్నేదాన్ని. స్టూలు కాలు విరిగితే పిల్లి పడేసిందని చెప్పాను. మాకు పిల్లి లేదు. ఎవరూ అడగలేదు." ఆమె పెదవి ఒక పక్కకి వంగింది. "ఎత్తుకుపోదామని రాలేదు నేను. ఇవాళ అది నడపకుండా ఆపుదామని వచ్చాను. చిన్నదాన్ని ఆపే బ్రేకు ఒక్కటే, వెనక చక్రానికి. దాని కడ్డీని పట్టుకునే పిన్ను ఒకటి ఉంటుంది. అది తీసేస్తే, మెకానిక్ పరీక్ష చేసి నడపడానికి వీల్లేదంటాడు. అంతే. నేరుగా గాజుపెట్టెలోకి పోతుంది. పిన్ను తీశాను. తీశాక... వెళ్ళిపోవాల్సింది. ఎవరూ లేరు. ఒక్కసారి తన్ని చూద్దామనిపించింది."

"అందుకుంది," అంది డిటెక్టివ్.

"అందుకుంది. ఆపడం ఎలాగో తెలీలేదు. ఆ భాగం కిటికీలోంచి కనబడేది కాదు. అదే నన్ను తీసుకుపోయింది. షెడ్డులో అట్టల గుట్టలోకి పోయి ఆగింది. పైన గుడ్డ కప్పి వచ్చేశాను. తర్వాత ఆవిడకి తొడుగు దొరికింది." అక్క సూది వైపు చూడలేదు. "నేను నోరు మూసుకున్నాను. ఒక్కరోజైనా అందరూ దాన్ని తప్పుగా చూస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను."

డిటెక్టివ్ చేతిరుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. రెండు కాళ్ళు, ఒక కన్ను ఉన్న ఇనప పిన్ను. సూది దాన్ని చూసింది. జడపిన్ను మాట ఎత్తలేదు.

"ఇదేనా?"

"ఇదే."

అప్పుడు వినిపించింది. ఒక్క తన్ను చప్పుడు, వెంటనే డుగుడుగుడుగుడుగు. దగ్గు లేదు, తడబాటు లేదు. నున్నగా.

"ఎవరో బటన్ నొక్కారు," అంది సూది.

డిటెక్టివ్ జేబులోంచి శబ్దాల గది తాళంచెవి తీసి పిన్ను పక్కన పెట్టింది. ఖాళీ పెట్టెల షెడ్డు వెతికారా అని అడిగింది తనే. మెట్ల మీద ఆ చూపుని చూసి, తర్వాత చూద్దాంలే అనుకున్నదీ తనే.

అక్క మొహంలో రక్తం లేదు.

"ఒక్క తన్నుకే," అంది. బల్ల పట్టుకుని లేచింది. "చిన్నదానికి బ్రేకు లేదు."

"కంగారు పడకండి మేడమ్, బండికి బీమా ఉంది," అంది సూది అలవాటుకొద్దీ.

"బండి తగలబడిపోనీ," అంది అక్క. కొత్త చెప్పులు అక్కడే విడిచిపెట్టి, కుంటుతూ, గుమ్మం వైపు పరిగెత్తింది.

డిటెక్టివ్ కిటికీ తలుపులు తెరిచింది. భవనం మూల తిరిగి చిన్నది వస్తోంది. చెల్లెలు నిటారుగా కూర్చుంది, గడ్డం పైకెత్తి. దొంగ ఎవరో, బండి ఎక్కడిదో చూసుకోండి అన్నట్టు నేరుగా అతిథుల వైపే వస్తోంది. వాలు ఇంకా మొదలవలేదు. మొదలైతే ఇంజను ఆపినా వాలు ఆపదు. వాలు చివర గేటు, గేటు ముందు నిండా మనుషులు, ఆ మనుషుల మధ్య ఇటు వీపు పెట్టి, ఎవరి ఫొటోనో తీస్తూ ఆమె మొగుడు.

"తప్పుకోండి," అని అరిచింది డిటెక్టివ్. ఇంజను చప్పుడులో ఆ అరుపు ఆమెకే వినిపించలేదు. పక్కన సూది కూడా వేళ్ళు నోట్లో పెట్టుకుంది, కానీ భయానికి నోరు ఎండిపోయి ఉత్త గాలే వచ్చింది.

డిటెక్టివ్ రెండు వేళ్ళు నోట్లో పెట్టింది. వారం రోజుల నురగ, వారం రోజుల కుళ్ళు, అన్నీ కూడదీసి ఊదింది.

ఈల వచ్చింది. గాజు పగిలినట్టు, చెవుల్లోంచి దూసుకుపోయేట్టు, వాలు చివరిదాకా వెళ్ళింది. కింద అతని తల టక్కున తిరిగింది. కిటికీలో ఆమెని చూశాడు. ఆమె చేతులు రెండూ పక్కలకి ఊపడం చూశాడు. వస్తున్న బండిని చూశాడు. మరుక్షణం కెమెరా వదిలేసి కుర్చీలని తన్నుతూ, కోట్లు పట్టుకు లాగుతూ, మనుషుల్ని రోడ్డు మీంచి అటూ ఇటూ తోయడం మొదలుపెట్టాడు. ఆ నిమిషంలో కూడా, ఛీ, ఆ నిమిషంలో కూడా, ఆమె గుండెలో ఒక మూల చిన్న దీపం వెలిగింది.

ఈలకి చెల్లెలు కూడా ఉలిక్కిపడింది. ఆగుదామని కాలు నొక్కింది. పెడలు అడ్డం లేకుండా కిందిదాకా పోయింది. మళ్ళీ నొక్కింది. తలవంచి పాదం వంక చూసుకుంది. తలెత్తేసరికి ఆ మొహంలో ఇందాకటి పొగరు లేదు. ఆరేళ్ళ పిల్ల మొహం మిగిలింది.

బండి ముందు చక్రం వాలు అంచు దాటుతోంది. అప్పుడే మెట్ల మీంచి అక్క దూకింది, ఉత్త కాళ్ళతో, ఒక కాలు ఈడుస్తూ, రెండు చేతులూ చాచి. బండి పక్కనే పరిగెడుతోంది. వెనకబడుతోంది. మళ్ళీ అందుకుంటోంది. ఆమె వేళ్ళు చెల్లెలి భుజానికి జానెడు దూరంలో ఉన్నాయి.

ఇస్త్రీ చెదరని ఆ మనిషి గొంతు చిరిగిపోయేలా అరవడం కిటికీ దాకా వినిపించింది.

"చిన్నదానా, బండి వదిలెయ్యి. పడనీనే. ఇటు... నా మీదకి ఒరుగు."